మేస్టారి చెప్పులు

కుళాయి కరుస్తోందని సాల్మన్ రాజు చెప్పడం మొదలుపెట్టి పది రోజులయింది. ఆ పది రోజులూ గ్లోరీ నమ్మలేదు. మొగుడి మాట కొట్టిపారేసే మనిషి కాదామె. అతను చెప్పిన ప్రతిసారీ చేతిలో పని వదిలేసి వెళ్లి కుళాయి పట్టుకుని చూసింది. ఆమె చేతికి ఏమీ తెలియలేదు.

"తిమ్మిరి గావొచ్చు మావా. కిడ్నీ జబ్బోల్లకి సేతులు తిమ్మిరెక్కుతాయని డాట్రు సెప్పనేదేటి?"

కాబోలనుకున్నాడు సాల్మన్ రాజు కూడా. ఇంటింటా కిడ్నీ జబ్బే ఉన్న కవిటి వైపు నుంచి వచ్చినవాళ్లు ఒంట్లో ఏం జరిగినా ముందు కిడ్నీనే అనుమానిస్తారు. చివరికి కుళాయి చేసిన తప్పు కూడా దాని నెత్తినే వేశారు.

గ్లోరీ చేతుల సంగతి చెప్పాలి. జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టే చేతులవి. పిక్క పగిలినప్పుడు చిమ్మే నూనె చర్మం మీద పడితే కాలుతుంది, పొక్కుతుంది, ఊడుతుంది, మళ్లీ మందంగా వస్తుంది. బూడిద రాసుకున్నా ఆముదం పూసుకున్నా అంతే. పద్దెనిమిదేళ్లుగా ఊడి ఊడి వచ్చిన ఆ తోలుతో ఆమె పొయ్యి మీది గిన్నెను మసిగుడ్డ లేకుండా దించేస్తుంది. అలాంటి చేతికి కుళాయి కరిస్తే మాత్రం ఏం తెలుస్తుంది?

తెలిసింది సోమవారం పొద్దున. అంట్లు తోముతూ జారిన కొంగు సర్దుకోబోతే, ముంజేయి లోపలివైపు కుళాయికి తగిలింది. చేతిలోని పళ్లెం ఎగిరి గోడకు కొట్టుకుంది. ఎవరో భుజం పట్టుకుని విదిలించి పారేసినట్టు ఆమె వెనక్కి పడింది. పడ్డచోటే కూర్చుని కుళాయి వంక చూసింది. పాత ఇత్తడి కుళాయి. చివర నీటి చుక్క వేలాడుతోంది.

సాల్మన్ రాజు గోడ పట్టుకుని వచ్చాడు. "ఏటే, పడిపోనావేటి?"

"మావా, అక్కడే ఆగు. రాకు. కాలు లోపల ఎట్టకు."

ఆ మాట అన్నాక ఆమెకు గుర్తొచ్చింది. రోజుకు నాలుగుసార్లు అతను ఆ కుళాయి కింద చేతులు కడుక్కోవాలి. పొట్టకు అమర్చిన గొట్టంలోంచి పాత నీళ్లు దించెయ్యాలి, సంచిలోని మందునీళ్లు ఎక్కించుకోవాలి. దానికి ముందు పారే నీళ్లలో సబ్బుతో మోచేతుల దాకా కడగాలి. మగ్గుతో పోసుకుంటే మగ్గు పట్టుకున్న చెయ్యి మళ్లీ మురికే. ఒకసారి అలాగే జరిగి సంచిలో నీళ్లు మజ్జిగలా తెల్లగా దిగాయి. పదిహేను రోజులు ఆసుపత్రిలో పడుకోవలసి వచ్చింది. అందుకని అతను కుళాయిని వదలడు. కరుస్తోందని చెబుతూనే కడుక్కున్నాడు, పది రోజులూ, తడి కాళ్లతో.

మెయిన్ స్విచ్చి కట్టేసి, చేతి వెనకవైపు ఆనించి చూసింది. కొట్టింది. చెక్కపీట మీద నిలబడి మళ్లీ చూసింది. ఈసారి సన్నగా జివ్వుమంది. ఉన్నట్టుండి ఆగిపోయింది. ఎందుకు ఆగిందో అర్థంకాక తల తిప్పితే, పెరట్లో మోటారు చప్పుడు కూడా ఆగింది.

కాశీబుగ్గలో తారకేశ్వరరావు మేస్టారి డాబా వెనక నాలుగు వాటాల వరసిల్లు అది. పెరటి మూల ఇనప తలుపున్న గదిలో మోటారు. అక్కడి నుంచి బయల్దేరిన ఇనప పైపు నాలుగు వాటాల గోడల్లోంచీ పోతుంది. తాళం మేస్టారి దగ్గర ఉంటుంది. ట్యాంకు ఎప్పుడు ఖాళీ అయితే అప్పుడు ఆయన మోటారు వేస్తారు. ఎప్పుడేస్తారో ఎవరికీ తెలియదు.

పక్క వాటా పెద్దతల్లి ఈ మాట విని ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. ఆమె కూడా ఫ్యాక్టరీ మనిషే, ఒంటరిది.

"మీకూ ఎర్త్ వత్తందేటే? మా ఇంట్లో నాను కర్రతోటే ఇప్పుతాను."

"మరి ఒక్క ముక్క సెప్పనేదేటి అప్పా?"

"నీకు సెప్తే నువ్వు మేస్టారికి సెప్తావు. మేస్టారు కాలీ సెయ్యమంటారు." పెద్దతల్లి గొంతు తగ్గించింది. "నాకంటే ఏ గూడైనా దొరుకుద్ది. మీకెవుడిత్తాడే ఇల్లు?"

నిజమే. సాల్మన్ రాజు సంచులు చూసి అయిదుగురు ఇల్లిచ్చేది లేదన్నారు. మేస్టారు ఒక్కరే ఇచ్చారు. ఇస్తూ ఇస్తూ ఒక మాట అన్నారు. ఎంత మెల్లగా అన్నారంటే, అది హెచ్చరికో దీవెనో గ్లోరీకి వెంటనే బోధపడలేదు. "ముదిరినట్టు అనిపిస్తే ముందే మీ ఊరు తీసుకెళ్లిపోవాలమ్మా. నా ఇంట్లో మాత్రం వద్దు. నక్షత్రం మంచిది కాకపోతే ఆరు నెలలు తలుపులేసుకోవాలి."

మంగళవారం ఆమె మేస్టారి గుమ్మం ముందు నిలబడింది. చెప్పాలనుకున్న మాటలు దారిలోనే సగం జారిపోయాయి.

"మేస్టారూ, కుళాయికి ఎర్త్ వత్తంది."

పేపరు మడిచి పక్కన పెట్టారాయన. రిటైరయిన లెక్కల మేస్టారు, ఎవరి మీదా గొంతు లేపి ఎరగరు. "ఎర్త్ వస్తోందా? మంచిదేనమ్మా. ప్రతి ఇంటికీ ఎర్త్ ఉండాలి. లేకపోతేనే ప్రమాదం."

ఎనిమిదో తరగతితో చదువు ఆపేసిన మనిషి, లెక్కల మేస్టారితో సైన్సు వాదించగలదా? "కాదండీ, కొడతంది. మా ఆయన జబ్బుమనిసండీ."

జబ్బు మాట వినగానే ఆయన కళ్లు ఒక్కసారి ఆమె మొహం మీద నిలిచాయి. అనవసరంగా ఆ మాట ఎత్తానని ఆమె నాలిక కరుచుకుంది. కాని ఆయన లేచారు. "పద, చూద్దాం."

వచ్చారు, చూశారు. జేబులోంచి రుమాలు తీసి, మడతపెట్టి, దాంతో కుళాయి తిప్పారు. నీళ్లొచ్చాయి. మళ్లీ కట్టేశారు. "ఏముందమ్మా? ఏమీ లేదు. పాత కట్టడం, తేమ. చెప్పులేసుకుని తిరగండి."

మోటారు ఆడటం లేదు మరి. ఆ ముక్క చెప్పేలోపే ఆయన వెళ్లిపోయారు.

బుధవారం ఫ్యాక్టరీలో ఆమె కట్టరు ముందు కూర్చుంది. ఎడంచేత్తో పిక్క పెట్టడం, కాలితో తొక్కడం, కుడిచేత్తో పిడి నొక్కడం, విడిపోయిన డొల్లలోంచి పప్పు విరగకుండా తీయడం. కళ్లు మూసుకున్నా ఆగని పని. ఆ రోజు మాత్రం పప్పులు వరసగా రెండుగా విరిగాయి. గోడ గడియారం పదకొండు కావస్తోంది. పదకొండుకి ఒకటి, నాలుక్కి ఒకటి, రెండు సంచులు అతనొక్కడే మార్చుకోవాలి. బకెట్టు నింపి మగ్గు పెట్టి వచ్చింది. కుళాయి జోలికి వెళ్లొద్దని మూడుసార్లు చెప్పి వచ్చింది. ఊఁ అన్నాడు. ఆ ఊఁ ఎలాంటిదో ఆమెకు తెలుసు. ఫోను గేటు దగ్గర పెట్టేస్తారు. అతను ఇప్పుడు ఆ కుళాయి కింద పడి ఉన్నా, సాయంత్రం అయిదింటి దాకా ఆమె ఇక్కడ పిక్కలు కొడుతూనే ఉంటుంది.

పదకొండయింది. ప్రభువా ప్రభువా అనుకుంటూ పిక్క పెట్టింది, తొక్కింది. అప్పుడు, ఎందుకో తెలియదు, మేస్టారి కాళ్లు కనిపించాయి.

ఆయన అద్దె వసూలుకొచ్చినా, అయ్యప్ప ప్రసాదం తెచ్చినా, చెప్పులు గుమ్మం బయట విడిచి, జతగా సర్ది మరీ లోపలికి వస్తారు. కిరస్తానీ ఇల్లని కూడా చూడరు, ఎవరిల్లయినా ఇల్లేనంటారు. ఆ మనిషి నిన్న చెప్పులతో వచ్చారు. దండెం కింది నుంచి, బియ్యం డబ్బా పక్క నుంచి, గోడ మీది యేసు ప్రభువు పటం ముందు నుంచి నడిచి, రబ్బరు చెప్పులతో కుళాయి దాకా వెళ్లారు.

తెలుసు. మేస్టారికి ముందే తెలుసు.

గ్లోరీ కాలు పెడలు మీద ఆగిపోయింది. ఇప్పటిదాకా కుళాయిని చూసి భయపడింది. ఇప్పుడు ఆ మెత్తటి గొంతును తలుచుకుంటే అంతకన్నా భయమేసింది.

సాయంత్రం పరుగున ఇంటికి వచ్చింది. సాల్మన్ రాజు మంచం మీద కూర్చుని ఉన్నాడు, బతికే ఉన్నాడు. ఆమె గోడకు చేరబడి కాసేపు ఏడ్చింది.

పెద్దతల్లి తన మరిది కొడుకు ఢిల్లేశ్వరరావును తీసుకొచ్చింది. కరెంటు పని చేస్తాడు. టెస్టరు కుళాయికి ఆనించాడు, మోటారు గది ఇనప తలుపు సందులోంచి టార్చి వేసి చూశాడు. తలుపు ముట్టుకోలేదు.

"ఎర్త్ వత్తంది అని అందరూ అంతారప్పా. ఎర్త్ వత్తే బాగున్ను. ఎర్త్ నేకే ఇదంతా." లోపల మేకుకు చుట్టి వేలాడదీసిన తీగ చూపించాడు. "అదిగో, ఎర్త్ వైరు. దాని గొయ్యి మీద మేస్టారు బండి ఎట్టుకోడానికి సిమెంటు పోయించీసినారు. వైరు కోసి మేక్కి తగిలించీసినారు. మోటారు లోపల వైరు తొడుగు కాలిపోనాది. ఆ కరెంటు పోడానికి దారి నేక పైపులోకి వొత్తంది. వానలు ముదిరితే గోడలు కూడా కొడతాయి."

"నువ్వు బాగు సెయ్యలేవేటి తమ్ముడూ?"

"తాళం ఆయనకాడ. మోటారు ఆయింది. ఆయన సెప్పకుండా సెయ్యెడితే రేపు నా మీదికొత్తాది." టెస్టరు జేబులో పెట్టుకున్నాడు. "టెక్కలి కోర్టుకాడ ఊరికే సలహా సెప్పే లాయరమ్మ ఉందంట. అడుగు. ఈలోపల దాన్ని ముట్టుకోకండి."

గురువారం పనికి నాగా పెట్టి టెక్కలి బస్సెక్కింది. పదకొండింటి సంచికి పెద్దతల్లి తనూ నాగా పెట్టి నీళ్లు పోస్తానంది. బస్సులో అందరూ తనవంకే చూస్తున్నట్టనిపించి గ్లోరీ మొహం కిటికీ వైపు తిప్పుకుంది. కోర్టు అంటే పోలీసులు ఉంటారని, పేరు రాసుకుంటారని, ఆ పేరు మేస్టారికి తెలిసిపోతుందని భయం. దిగి వెనక్కి వెళ్లిపోదామని రెండుసార్లు లేచి కూర్చుంది.

లాయరు పేరు ప్రమోదిని. పోలీసులెవరూ లేరు. ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకు క్యాలెండరు. ఆమె అంతా విన్నది, మధ్యలో అడ్డు తగలలేదు.

"ఎర్త్ వస్తోందని రాయించుకోకండి. ఆయన నవ్వి పక్కన పెడతాడు. మోటారు నుంచి పైపులోకి కరెంటు లీకవుతోంది, ప్రాణానికి ముప్పు, వెంటనే బాగు చేయించాలి. అలా రాయాలి." ఆమే రాసింది, రెండు కాపీలు. "ఇంటి వైరింగు, మోటారు, పైపు ఇంటాయనవి. వాటిని జనం చావకుండా ఉంచాల్సిన బాధ్యత ఆయనది. అద్దె పుచ్చుకుంటున్నంత కాలం మీరు చెప్పులేసుకోండి అంటే చెల్లదు. ఒక కాపీ ఆయనకివ్వండి, రెండోదాని మీద అందిందని సంతకం తీసుకోండి. తీసుకోనంటే నాకు చెప్పండి, రిజిస్టరు పోస్టులో పంపిద్దాం."

"కాలీ సెయ్యమంటే అమ్మా?"

"రాతలో నోటీసివ్వాలి, దానికి గడువుండాలి. రేపు పొమ్మంటే పోనక్కర్లేదు. నీళ్లు ఆపడం, కరెంటు కట్టెయ్యడం అసలు కుదరదు."

గ్లోరీ కాగితం జాకెట్టులో దాచుకుని లేచింది. గుమ్మం దాకా వెళ్లి ఆగింది. "ఆయనకి ముందే తెలుసమ్మా. సెప్పులేసుకుని వొచ్చినారు."

చెప్పుల కథ చెబితే ప్రమోదిని నవ్వలేదు. "నేను నమ్ముతాను. కాని చెప్పులు సాక్ష్యం చెప్పలేవు కదమ్మా. తెలుసని ఆయన నోట్లోంచి రావాలి."

శుక్రవారం ఆమె పనికి వెళ్లలేదు, తోడుగా పెద్దతల్లీ ఆగిపోయింది. కాగితం బియ్యం డబ్బాలో పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది. పది గజాలు నడిస్తే మేస్టారి గుమ్మం. పొద్దుటి నుంచి ఆ పది గజాలు దాటలేకపోయింది.

నాలుగు కావస్తుంటే ఆయనే వచ్చారు. ఈసారి చెప్పులు బయట విడిచారు, జతగా సర్దారు. గదిలోకి వచ్చి కుర్చీలో కూర్చోకుండా నిలబడ్డారు.

"నిన్న టెక్కలిలో కనిపించావట."

ఆమె లేచి గోడ పక్కకు జరిగింది.

"నేను మిమ్మల్ని కన్నబిడ్డల్లా చూసుకున్నానమ్మా. కోర్టులూ లాయర్లూ నాకు పడవు. ఆదివారానికి ఖాళీ చేసేయండి. బండి నేనే మాట్లాడతాను." గొంతు మెత్తగానే ఉంది. "ఆయన ఒళ్లు కూడా బాగా తగ్గిపోయింది. మీ ఊళ్లో, మీవాళ్ల మధ్య ఉంటేనే మంచిది."

పెరట్లో గుర్రుమంటూ మోటారు ఆడుతోంది. ఆయనే వేసి వచ్చినట్టున్నారు. గ్లోరీ బియ్యం డబ్బా వైపు చూసింది. కాగితం తీయాలి. చెయ్యి లేవడం లేదు. ఆదివారం ఎక్కడికి పోవాలి? సంచుల పెట్టెలు ఏ చెట్టు కింద దించాలి?

మంచం కిర్రుమంది. సాల్మన్ రాజు లేచాడు. మూతికి మాస్కు కట్టుకున్నాడు, కిటికీ వేశాడు, ఫ్యాను ఆపాడు. నాలుగయింది కదా. చొక్కా చేతులు మోచేతుల పైకి మడుచుకుంటూ, ఇంట్లో వేరే ఎవరూ లేనట్టు, వట్టి కాళ్లతో నీళ్ల గదిలోకి నడిచాడు. నేల తడిగా ఉంది. సబ్బు తీసుకున్నాడు. రెండో చెయ్యి కుళాయి మీదికి చాచాడు.

గ్లోరీ అరిచాననుకుంది.

"ముట్టుకోకు!" కేక మేస్టారిది. ఆ గొంతు అంత పెద్దదని వరసిల్లంతటికీ ఆ రోజే తెలిసింది. "ముట్టుకోకు రాజూ! మోటారు ఆడుతోంది! చచ్చిపోతావు!"

సాల్మన్ రాజు చెయ్యి కుళాయికి జానెడు దూరంలో ఆగింది.

మేస్టారు అప్పటికే గుమ్మం దాటి పెరట్లోకి పరిగెత్తారు. మోటారు గది దాకా వెళ్లారు. ఇనప తలుపు ముందు, పైపు చెమ్మకు తడిసిన సిమెంటు మీద, ఒక్కసారిగా నిలబడిపోయారు. చేతిలో తాళంచెవి ఉంది. చెయ్యి ముందుకు పోవడం లేదు. తన కాళ్ల వంక చూసుకున్నారు. ఒక కాలు ఎత్తారు, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"చెప్పులు," అన్నారు. "అమ్మా, నా చెప్పులు."

పెద్దతల్లి వాకిట్లో నిలబడి ఉంది. నాలుగు వాటాల వాళ్లూ బయటికొచ్చారు. ఎవరూ కదలలేదు. గ్లోరీ గుమ్మం దగ్గర వంగి ఆయన చెప్పులు తీసుకుంది. లోపలికి వెళ్లి బియ్యం డబ్బాలోంచి కాగితాలు తీసుకుంది. పెరట్లోకి నడిచింది. తడి అంచున ఆగి, చెప్పులు ఆయన ముందు పెట్టింది, జతగా సర్ది పెట్టింది.

ఆయన వేసుకున్నారు. రుమాలుతో తాళం తీశారు. మోటారు ఆగింది. పెరడంతా ఎంత నిశ్శబ్దమైపోయిందంటే కుళాయి చివర చుక్కలు పడటం వినిపించింది.

"మేస్టారూ," అంది గ్లోరీ. కాగితాలు చాచింది. "మీకు తెలుసని అందరూ ఇన్నారు."

ఆయన కళ్లజోడు పైకి తోసుకుని చదివారు. లెక్కల మేస్టారు కదా, చివరిదాకా చదివారు. పెన్ను ఆయన జేబులోనే ఉంది. గోడకు ఆనించి సంతకం పెట్టారు, తేదీ కూడా వేశారు. ఆదివారం మాట మళ్లీ ఎత్తలేదు. నడిచి వెళ్లిపోతుంటే వెనక నుంచి బాగా ముసలివారిలా కనిపించారు.

బకెట్టు నీళ్లు పోసి సాల్మన్ రాజు చేతులు కడిగించింది గ్లోరీ. సంచి మేకుకు తగిలించింది. నీళ్లు దిగుతుంటే అడిగింది.

"మోటారు ఆడతన్నాదని నీకు ఇనపడనేదా మావా?"

"ఎందుకు ఇనపడదే. నాను ఈయేల సెయ్యి కడుక్కోడానికి ఎల్లనేదు."

ఆమె గొట్టం క్లిప్పు వదిలేసి అతని వైపు తిరిగింది. "ఆయన అరవకపోతే?"

"అరుత్తాడని తెలుసు. పిరికోడే గానీ సెడ్డోడు కాడు."

"అరవకపోతే నువ్వు ఆగుదువా?"

సాల్మన్ రాజు సంచి వంక చూశాడు. నీళ్లు తేటగా ఉన్నాయి. చాలాసేపు దాన్నే చూశాడు. ఆమె రెండోసారి అడగలేదు.

శనివారం మేస్టారు తాళంచెవి పంపిస్తే ఢిల్లేశ్వరరావు సిమెంటు పగలగొట్టి గొయ్యి తవ్వించాడు. బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేసి, మధ్యలో పైపు దించి, మేకుకు వేలాడుతున్న తీగను దానికి బిగించాడు. కాలిన మోటారు తీసేసి వేరేది పెట్టాడు. మేస్టారు మేడ మీంచి కిందికి దిగలేదు.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక, సాయంత్రం నాలుగింటికి, గ్లోరీ ఆ పది గజాలూ నడిచి వెళ్లి మేస్టారిని పిలిచింది. "ఒకపాలి రండి మేస్టారూ. మోటారేసి రండి."

ఆయన వచ్చారు. గుమ్మం ముందు ఆగారు. గ్లోరీ ఆయన కాళ్ల వంకే చూస్తోంది. ఆయన చెప్పులు విడిచారు. ఈసారి అవి జతగా లేవు, ఒకటి బోర్లాపడింది. తడి నేల మీద వట్టి కాళ్లతో నడిచారు. రుమాలు తీయబోయి, మళ్లీ జేబులో కుక్కుకున్నారు. కళ్లు గట్టిగా మూసుకుని కుళాయి పట్టుకుని తిప్పారు.

నీళ్లు ధారగా పడ్డాయి. మోటారు ఆడుతూనే ఉంది. ఆయన పెదాలు కదులుతున్నాయి, ఏ దేవుణ్ని తలుచుకుంటున్నారో. నుదుటి మీద చెమట. కుళాయి మాత్రం వదల్లేదు.

గ్లోరీ తన ముంజేయి లోపలివైపు, ఆ రోజు కొట్టించుకున్న చోటే, మెల్లగా ఇత్తడికి ఆనించింది. చల్లగా ఉంది. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టింది. పది దాకా చల్లగానే ఉంది.

సాల్మన్ రాజు మాస్కు కట్టుకుని, సబ్బు పట్టుకుని, వెనక నిలబడి ఉన్నాడు.

"నీల్లొత్తన్నాయి మేస్టారూ," అంది గ్లోరీ. "ఇంక ఒగ్గీండి. ఆయన సేతులు కడుక్కోవాలి."